ఊటనీటి సీసా

నేను ఒక గాజు సీసాను. ఏ ఏటి ఇసుకనో కొలిమిలో కరిగించి నన్ను పోత పోశారు. మళ్ళీ ఏటికే పంపినా, పుట్టింటికి చేరిన సంతోషం నాకు దక్కలేదు. జలశాఖ పరిశోధకుడు హయగ్రీవరావు నన్ను ఇనుపతీగల గూటిలో పెట్టి, గెడ్డలనే రెండు కొండవాగులు కలిసేచోట బండకు బిగించి, కొండ దిగిపోయాడు.

గంగ విష్ణుపాదాన పుట్టిందని పురాణం చెబుతుంది. కిందటేడు దిగువ ఊళ్ళను ముంచిన వరద ఎక్కడ పుట్టిందో చెప్పే భారం మాత్రం నాపై పడింది. ఎడమగెడ్డ రాతిక్వారీ నుంచి ఎర్రమట్టి తెస్తుంది. కుడిగెడ్డ కొండమీది గూడెం వాళ్ళు చోడి, అంటే రాగి, పండించే చేల నుంచి నల్లమట్టి తెస్తుంది. కొండను ఏ వైపు తవ్వడం వల్ల వరద వచ్చిందో నాలో నిండే మట్టి రంగే చెప్పాలి. తప్పు గూడెందేనని అధికారుల నమ్మకం. కాదని రుజువు కాకపోతే గూడెం ఖాళీ చేయాలి. ముందే తెలిస్తే సాక్ష్యం చెడగొడతారన్న భయంతో, నా పని ఏమిటో హయగ్రీవరావు గూడెంలో ఎవరికీ చెప్పలేదు.

ఆ సంవత్సరపు చివరి గాలివానకు నా గొంతుదాకా ఎర్రనీరు నిండింది. చెప్పవలసిన మాట కడుపులో దాచుకుని, వినేవాడి కోసం ఒంటరిగా వేచి ఉన్నాను.

ఆయనకంటే ముందు గూడెం మనిషి చిలకమ్మ వచ్చింది. ఆయన రాగానే నన్ను రెండు చేతులా అందించింది.

"తాగు బాబూ. నీ సీసా నిండా బురదే. పారబోసి, బూడిదెట్టి తోమి, మా ఊటనీల్లు పట్టినాను."

హయగ్రీవరావు బండమీద కూలబడ్డాడు. "ఆ బురదే మీ గూడేన్ని కాపాడేదమ్మా. ఏ రంగులో ఉంది?"

"ఎర్రగుంది. క్వారీ మట్టని సంటిపిల్లనడిగినా సెప్తాది."

"నువ్వు చెబితే చెల్లదు. సీసా చెప్పాలి."

"మడుసులు సెప్తే ఇనరు గానీ, సీసా సెప్తే ఇంతారా? సదువుకున్నోలు సిత్రమైనోలు బాబూ" అని నవ్వింది. ఆయన ముఖం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

విచారణనాడు నన్ను బల్లమీద పెట్టారు. పెద్దలు నాలోంచి ఒకరినొకరు స్పష్టంగా చూసుకున్నారు. చిలకమ్మ మాట ఎవరూ రాసుకోలేదు. గూడేన్ని మైదానంలోని రేకుల ఇళ్ళకు తరలించారు. క్వారీ ఆ కొండవాలుకూ పాకింది.

ఇప్పుడు నేను ప్రయోగశాల అలమరలో, బురద సీసాల నడుమ ఉన్నాను. వాటికి పేర్లున్నాయి, నాకు లేదు. అందరూ వెళ్ళాక హయగ్రీవరావు అప్పుడప్పుడు నన్ను చేతిలోకి తీసుకుంటాడు. దాహానికి ఇచ్చిన నీరు తీర్థంతో సమానమని ఆయనకు తెలుసు. ఆ ఊట క్వారీ రాళ్ళకింద పూడిపోయిందనీ, మిగిలింది నాలో ఉన్నంతేననీ తెలుసు. పారబోయలేడు, తాగలేడు.