క కొడితే గ

బోర్డుల షాపులో పొద్దున్నే రభస. కార్ల మెకానిక్ ఒకతను తన బోర్డుకి ‘కారు రిపేరు’ అని అక్షరాలు కోయమంటే, మెషిన్ ‘గారు రిపేరు’ అని కోసి పెట్టింది.

“గార్లను రిపేరు చేసేవాణ్ణయితే ముందు మా మామగారితోనే మొదలెట్టేవాణ్ణి” అని బోర్డు అక్కడే పడేసి పోయాడతను.

షాపు యజమాని నవ్వలేదు. కోడలి మీద విరుచుకుపడ్డాడు. “ఉద్యోగం ధ్యాసలో పడి నీకు క ఏదో గ ఏదో తెలియట్లేదు!”

“నేను క నే కొట్టాను మామయ్యా.”

ఉద్యోగం మాట నిజమే. బడిలో కంప్యూటర్ టీచరుగా రేపే చేరాలి. పెళ్లయిన నాటి నుంచీ కిటికీ లేని ఈ వెనకగదిలో ఆమెది జీతం లేని కొలువు. బతిమాలగా బతిమాలగా మామగారు ఒక్క మాట ఇచ్చాడు, మెషిన్ బాగయ్యాక వెళ్లమని. కొత్తది కొనమంటే మాత్రం ససేమిరా అన్నాడు.

ఆమె మెషిన్‌కి మెమరీ పరీక్ష పెట్టింది. తెర మీద ఎర్రగీత పడింది. మళ్లీ పెడితే మళ్లీ అక్కడే. మెషిన్ అక్షరాలు దాచుకునే లక్షల అరల్లో ఒక్క అర చెడింది. అందులో పడ్డ క కాస్తా గ అయి బయటికొస్తోంది. చూద్దామని ‘కోడలు’ అని కొట్టింది. ‘గోడలు’ అని వచ్చింది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఈ కొంపలో ఉన్నమాట అనేది ఇదొక్కటే!

మెమరీ మెషిన్ లోపలి సర్క్యూట్‌కే అతికించి ఉంది, ఊడదీసి మార్చే వీల్లేదు. అందుకని ఆ ఒక్క అర జోలికి పోవద్దని మెషిన్‌కి ఆన్ అయ్యేటప్పుడే తెలిసేలా చెప్పి పెట్టింది. ఇక కోడలు కోడలుగానే వచ్చింది.

“బాగైంది మామయ్యా!”

మామగారు కొత్తగా కోసిన ‘కారు రిపేరు’ బోర్డు తడిమి మురిసిపోయాడు. “భేష్! ఏం చేశావమ్మా?”

నిజాయితీ గల పిల్ల కదా, దాచుకోకుండా చెప్పేసింది. చెడ్డ అర చెడ్డట్టే ఉంది, మెషిన్ దాన్ని తప్పించుకుని పోతోందంతే. అక్కడే కొంప మునిగింది.

“అంటే బాగవలేదన్నమాట.”

“పని చేస్తోందిగా మామయ్యా!”

“రేపు పక్క అరా చెడితే ఎవరు చూస్తారు? నేనా, నీ మొగుడా? బాగయ్యాక వెళ్లమన్నాను. ఇచ్చిన మాట తప్పే మనిషిని కాను నేను.”

ఆమె పక్కనే బోర్డులు బిగిస్తున్న భర్త వైపు చూసింది. అతను చేతిలోని స్క్రూడ్రైవరు వైపు చూసుకున్నాడు.

“నాన్న చెప్పిందీ నిజమే కదా. పూర్తిగా బాగయ్యాకే చేరుదువుగాని. ఎన్నాళ్లు పడుతుందేంటి?”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కనీసం ఇప్పుడైనా ఒక్క అబద్ధం ఆడితే బాగుండేది. పాడు నోరు, నిజమే చెప్పింది.

“ఇది బాగయ్యేది కాదండీ.”