లెగ్ సైడులో నాగలక్ష్మమ్మ వడియాలు

జిల్లా లీగులో నా మొదటి సీజన్ ముగిసిన రోజు, మా కెప్టెన్ ప్రవీణ్ అన్న నన్ను నీళ్ళ డ్రమ్ము దగ్గరికి పిలిచాడు.

"నెహెమ్యా, నువ్వు మంచోనివప్పా. టైముకొస్తావు, కిట్టు మోస్తావు, ఎదురు మాట్లాడవు. బౌలింగ్ ఒక్కటే రాదు."

నేను తల ఊపాను. ఆయన చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు.

"వేగముండాది. కానీ బంతి స్టంపుల దిక్కు పోదు, లెగ్ సైడు పోతాది. మన కీపరు ఏసుబాబు దాని వెనక పరిగెత్తినంత దూరం వాని ఆటో కూడా తిరిగుండదు. జూలైలో సెలెక్షన్ మ్యాచ్ పెడతా. నీకు నేనే బ్యాటింగ్ చేస్తా. ఓవరుకు ఒక వైడంటే ఓర్చుకుంటా. మించిందా, నీ చోటు ఇంకొకనికిస్తా. ఈ ఎండాకాలం యాడన్నా ఆడుకో, ఎవనికన్నా వేసుకో. తిన్నగా వెయ్యడం మాత్రం నేర్చుకొని రా."

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదట. డిగ్రీ అమ్మ కోసం చదివాను. కల్లూరులో పైపుల ఫ్యాక్టరీ స్టోర్సులో ఉద్యోగం ఇంటి కోసం చేస్తున్నాను. లీగులో ఆడడం ఒక్కటే, నా కోసం నేను నోరు తెరిచి అడిగి తెచ్చుకున్నది. అది పోతుందంటే రాత్రి అన్నం సరిగా దిగలేదు.

అమ్మ పేరు సంతోషమ్మ. కూలికి పోయి నన్ను చదివించింది. నేను టీములో చేరినప్పటి నుంచి "మావాడు లీగు బౌలరు" అని చర్చిలో అందరికీ చెప్పుకుంటూ వచ్చింది. సంగతి తెలిశాక ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థన చేసింది.

"తండ్రీ, నా కొడుకు శానా పక్కకు పోతాండాడు. వాన్ని తిన్నగా చెయ్యి."

సాయంత్రానికి సంఘపెద్దలు ఇద్దరు మా ఇంటికొచ్చి, నన్ను కూర్చోబెట్టి, తాగుడు వల్ల వచ్చే నష్టాలు వివరించారు. అమ్మ టీ పెట్టి తెచ్చేదాకా నేను వింటూనే ఉన్నాను. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో ఆపడం నాకు అలవాటు లేదు.

ఎండాకాలం మా నెట్స్‌కు తాళం వేస్తారు. పొద్దున ఎనిమిదయ్యేసరికి మైదానంలో కాలు పెట్టలేం. చుట్టుపక్కల ఖాళీ ప్లాట్ల నిండా కంపచెట్లు. మిగిలింది మా వీధిలో కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు ఒక్కటే. పనికి పోయే ముందు దాని మీద వేసుకుందామని, ఒక చివర ఖాళీ పెయింటు డబ్బా స్టంపులుగా పెట్టాను. ఏసుబాబు ఆటో పక్కన ఆపి, గ్లోవ్స్ వేసుకుని డబ్బా వెనక నిలబడ్డాడు.

నేను మరిచిపోయింది ఏమిటంటే, మాకు ఆట లేని కాలమే ఆడవాళ్ళకు వడియాల కాలం. బంతి వేసే నాకు కుడి పక్క పాత చీర మీద ఎదురింటి నాగలక్ష్మమ్మ గుమ్మడికాయ వడియాలు, ఎడమ పక్క చాప మీద ఆమెవే ఊరమిరపకాయలు. మధ్యలో మోటార్ సైకిలు పోయేంత సందు. బ్యాటు పట్టినవాని లెక్కలో చూస్తే ఆఫ్ సైడు మిరపకాయలు, లెగ్ సైడు వడియాలు.

నా మొదటి బంతి ఎప్పటిలాగే లెగ్ సైడు పోయింది.

నాగలక్ష్మమ్మ అరుగు దిగింది. వ్యవసాయం కొడుకులకు అప్పగించి పల్లె నుంచి టౌనుకొచ్చిన మనిషి. పదిమంది కూలీలను అదిలించిన గొంతు, ఇప్పుడు దానికి మా వీధి ఒక్కటే మిగిలింది.

"ఏం నాయనా, డిగ్రీ చదివినావంట. ఇవి కంటికి ఆనలేదా?"

"నాకు ఆనినాయి పెద్దమ్మా. బంతికే..."

"బంతి మింద చాడీలు చెప్పొద్దు. పాడు చేసినోడే కాపలా కూచోవాల. ఇదో కట్టె. కాకి వాలిందంటే మళ్ళా నీ పనుంటాది."

కాపలా కూర్చున్నాను. మరునాడూ కూర్చున్నాను. ఏప్రిల్ నెలంతా నేను వేసిన బంతులకన్నా తోలిన కాకులే ఎక్కువ. మా ఫ్యాక్టరీ మేనేజరు స్కూటరు మీద పోతూ, గొడుగు కింద కట్టె పట్టుకుని కూర్చున్న నన్ను చూసి, బండి ఆపి మరీ తేరిపార చూశాడు. అమ్మ మాత్రం రోజూ ఎదురింటికి పోయి అడిగేది.

"మావాడు కాపలా బాగా కాస్తాండాడా అక్కా?"

"కాపలా బాగానే కాస్తాడు సంతోషమ్మా. నీకెందుకు అపద్ధం చెప్పాల, బౌలింగే బాలేదు."

కానీ భయం మెల్లగా పని చేసింది. బంతి వదిలేటప్పుడు నా తల ఎడమకు వాలిపోతోందని, అందుకే బంతి దానికి ఎదురు పక్కకు, లెగ్ సైడుకు పోతోందని కనిపెట్టాను. తల నిలిపి డబ్బానే చూడసాగాను. పరుగు తగ్గించుకున్నాను. బంతి సందులోంచి పోయి డబ్బాకు ఠంగుమని తగలసాగింది. మే నెల వచ్చేసరికి నాగలక్ష్మమ్మకు దిగులు పట్టుకుంది.

"ఏమి నెహెమ్యా, ఈ మధ్య కాపలాకే రాకుండావు?"

"బంతి తిన్నగా పోతాంది పెద్దమ్మా."

"పోనీలే, మంచిదే," అని కట్టె తీసుకుని తానే కూర్చుంది. ఆ మాటలో సంతోషమేమీ వినపడలేదు.

ఆ ధైర్యంతో బనగానపల్లెలో మామిడికాయల కాలంలో జరిగే టోర్నమెంటుకు పోయాం. ఆదివారం. ఆరాధన కాకుండా కదలడానికి వీల్లేదని అమ్మ అనడంతో, మేము ఏసుబాబు ఆటోలో చేరేసరికి టాసు అయిపోయింది. నాకు బంతిచ్చారు. చూశాను. రెండు పక్కలా ఖాళీ మైదానం. వడియం లేదు, మిరపకాయ లేదు, అరిచే మనిషి లేదు. నా తల మళ్ళీ ఎడమకు వాలిపోయింది. అంపైరు ఒక వైడుకు చాపిన చేతులు దించే లోపలే ఇంకొకటి పడుతోంది. చివరికి ఆయన చేతులు దించడం మానేసి, తీగ మీద ఆరేసిన చొక్కా మాదిరి అట్లే నిలబడ్డాడు.

ఓడినవాళ్ళకిచ్చిన మామిడిపండ్లు తింటూ తిరిగొస్తుంటే ఏసుబాబు తేల్చేశాడు.

"రెండు పక్కలా భయముంటేనే నువ్వు నడుమ పోతావురా."

గండికోట పోయే దారిలో ఒక ఊళ్ళో పొట్టేలు బహుమతిగా టోర్నమెంటు పెడితే, ఏసుబాబు నాగలక్ష్మమ్మను అడిగి ఒక పాత చీర తెచ్చాడు. దాన్ని పిచ్ పక్కన లెగ్ సైడున పరిచాడు. అంపైరు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏందప్పా ఇది? ఈడ బంతి భోజనాలు ఏమన్నా పెడతాండారా?"

"మావోనికి చీర లేకుంటే బంతి పడదు సార్," అన్నాడు ఏసుబాబు.

ఆ నవ్వులు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. చీర తీయించారు. అయినా అది ఉన్నచోట గడ్డి కొంచెం అణిగి కనిపించింది. దాన్నే వడియాలనుకుని వేశాను. వైడ్లు తగ్గాయి. సిక్సులు బాగా కొట్టారు గానీ, తిన్నగా వేసిన బంతికి సిక్సు పోతే అవమానంగా ఉండదని ఆ రోజే తెలిసింది. ఒక వికెట్ కూడా పడింది. గెలిచినవాళ్ళ పొట్టేలు ఇంకో ఆటోలో మా వెనకే అరుచుకుంటూ వచ్చింది.

ఆ తర్వాత యాడ టోర్నమెంటు ఉందంటే ఆడికి పోయాం. ఒకచోట బాగా వేసేవాణ్ణి, ఇంకోచోట తల వాలిపోయేది. అట్లా జూలై వచ్చేసింది.

సెలెక్షన్ మ్యాచ్ పొద్దున కిట్టు ఆటోలో పెడుతుంటే, అమ్మ వెనక నాగలక్ష్మమ్మ వచ్చింది. చేతిలో పెద్ద స్టీలు డబ్బా, చంకలో చీర.

"పెద్దమ్మా, నువ్వెక్కడికి?"

"మొన్న వానకు వడియాలన్నీ మెత్తబడినాయి నాయనా. మళ్ళా ఎండబెట్టాల. పక్కింట్లో గోడ లేపుతాండారు, వీధంతా సిమెంటు దుమ్ము. మీ మైదానంలో ఎండ శానా బాగుంటాదని మీయమ్మ చెప్పింది."

అమ్మ వైపు చూశాను. అమ్మ ప్యాడ్లు సర్దుతూ నా వైపు చూడలేదు.

ప్రవీణ్ అన్న క్రీజులోకొచ్చి గార్డు తీసుకున్నాడు. "రా నెహెమ్యా, ఎండాకాలమంతా ఏం నేర్చినావో చూపించు."

మొదటి బంతికే తల వాలింది. లెగ్ సైడు వైడు. ఏసుబాబు దూకాడు, అందలేదు. బంతి దొర్లుకుంటూ వెనక బౌండరీ గీత దాటింది. అప్పుడు చూశాను. గీతకు అవతల, సరిగ్గా అదే దిక్కున, నాగలక్ష్మమ్మ చీర పరిచి వడియాలు పోసింది. బంతి చీర అంచుకు జానెడు దూరంలో ఆగింది. ఆమె లేచి నిలబడి, బంతిని చూసి, నన్ను చూసింది. చీరకు ఇవతల పక్క అమ్మ కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తోంది.

ఇంకొక్క వైడు పడితే నా చోటు పోతుంది. వెనక్కి నడిచి, తిరిగి, స్టంపులను చూశాను. నాకు మైదానం కనిపించలేదు. సిమెంటు రోడ్డు మీద మోటార్ సైకిలు పోయేంత సందు కనిపించింది.

ఆ ఓవరులో మళ్ళీ వైడు పడలేదు. తర్వాతి ఓవరులో అసలు పడలేదు. బంతి వెంట బంతి స్టంపుల మీదికే పోతుంటే ప్రవీణ్ అన్నకు ఆపడమే సరిపోయింది. ఆయనకు చిర్రెత్తింది. నా ఆఖరి ఓవరులో ఒక బంతికి మోకాలి మీద కూర్చుని, దాన్ని వెనక్కి ఎత్తి కొట్టాడు. బంతి ఏసుబాబు నెత్తి మీదుగా లేచి, గీత దాటి, చీర నడుమ పడింది. వడియాల మీద బంతి ధబ్బుమన్న చప్పుడు పిచ్ దాకా వినిపించింది.

నాగలక్ష్మమ్మ చెంగు బిగించి మైదానంలోకి వచ్చేసింది.

"నెహెమ్యా! మళ్ళా నువ్వేనా?"

నా జీవితంలో మొదటిసారి పెద్దవాళ్ళకు గట్టిగా బదులు చెప్పాను. "నేను కాదు పెద్దమ్మా! నేను తిన్నగానే వేసినా. కొట్టింది ఈయన."

ప్రవీణ్ అన్న హెల్మెట్ తీశాడు. "అది సిక్సు కదమ్మా..."

"సిక్సయితే నీ ఇంట్లో పెట్టుకో. పాడు చేసినోడే కాపలా కూచోవాల. మా వీధిలో డిగ్రీ చదివినోడే కూచున్నాడు. నువ్వేం, కలెక్టరువా? నడువు."

ఆయన అంపైరు వైపు చూశాడు. అంపైరు ఆకాశం వైపు చూశాడు. చివరికి మా కెప్టెన్ ప్యాడ్లు విప్పకుండానే పోయి చీర పక్కన కూలబడి, బ్యాటుతో కాకులు తోలసాగాడు. ఇంకో బ్యాట్స్‌మన్ వచ్చాడు. ఇంకో రెండు బంతులు మిగిలాయి. మొదటిది బ్యాటు అంచు పక్కనుంచి పోయి ఏసుబాబు చేతుల్లో పడింది. రెండోదానికి మధ్య స్టంపు లేచి పడింది.

మ్యాచ్ అయ్యాక నేను చీర దగ్గరికి పోయాను. ప్రవీణ్ అన్న మొహం చెమటతో మెరుస్తోంది.

"ఈడ కూచుంటే నీ బంతి యాడికి పోతాండాదో బాగా కనపడిందప్పా," అన్నాడు. "వచ్చే సీజన్ నువ్వు ఆడతాండావు. కొత్త బంతి కూడా నీకే."

అమ్మ కళ్ళు తెరిచి, "స్తోత్రం," అంది.

"సరే గానీ," అన్నాడాయన గొంతు తగ్గించి, "నేనింక లేయొచ్చేమో, ఆయమ్మను నువ్వే అడిగి చెప్పు."

అడిగాను. నాగలక్ష్మమ్మ వంగి ఒక వడియం తీసి, విరిచి చూసింది. అది విరగలేదు, వంగింది.

"ఇంకొక పక్క ఎండలేదు," అంది.