కమలవ్వ ఫోన్‌లో ఎర్రన్న

స్వర్ణ చాట పట్టుకుని రాగానే అరుగు మీద బీడీలు చుడుతున్న ఆడవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. నిన్నటిదాకా పక్కన చోటిచ్చినవాళ్లే ఇవాళ కాళ్లు బారచాపుకుని కూర్చున్నారు. ఎంత కడుపుమంట మనుషులు! స్వర్ణ ఆ కాళ్లు దాటుకుంటూ వెళ్లి అత్త కమలవ్వకు ఎదురుగా కూర్చుంది.

మొగుడు ఎర్రన్న దుబాయిలో చనిపోయి ఏడాది తిరగలేదు, మరిది భీమ్‌రావు ఇల్లు తనదంటున్నాడు. కట్టించింది ఎర్రన్న. "ఇల్లు నీదే స్వర్ణా, తమ్ముడు అడిగినా ఇయ్యకు" అని ఒకనాడు ఏడ్చుకుంటూ ఆమెకు వీడియో పంపాడు. మొన్న మరణ ధ్రువపత్రం పనికని ఆమె ఫోన్ తీసుకున్న భీమ్‌రావు ఆ వీడియోను తుడిచేసి, ఏమీ ఎరగనట్టు తిరిగిచ్చాడు. రేపు పెద్దమనుషుల ముందు ఆ వీడియో చూపించకపోతే స్వర్ణ ఆర్మూరులో అద్దెగది వెతుక్కోవలసిందే.

డేటా మిగుల్చుకోవడానికి ఈ ఆడవాళ్లంతా ఒక యాప్ పెట్టుకున్నారు. ఒకరు సీరియల్ దించితే నెట్ లేకుండానే పక్క ఫోన్లలోకి ఎక్కుతుంది. ఎవరి దగ్గర ఏముందో ప్రతి ఫోనూ గుర్తుంచుకుంటుంది. ఎర్రన్న వీడియోను అప్పట్లో ఆ యాప్‌తోనే స్వర్ణ ఫోన్‌లోంచి లాగి అందరికీ పంచింది భీమ్‌రావు పెళ్లాం పద్మలత. పెళ్లాం పేరు చెప్పుకుని ఏడ్చే మగాడని అరుగంతా పడిపడి నవ్వింది. ఇప్పుడు వీడియో పోయినా, అది ఎవరెవరి దగ్గర ఉందన్న గుర్తు స్వర్ణ ఫోన్‌లో అలాగే ఉంది. భీమ్‌రావు తెలివి అంతవరకు పోలేదు.

స్వర్ణ వెతికింది, పేర్లు వచ్చాయి. ముందు పద్మలత పేరు నొక్కింది. ఇప్పుడు లేదని యాప్ చూపించింది.

"ఎన్నడో తీసేసిన అక్కా," అంది పద్మలత తల ఎత్తకుండా. "ఇంకెంతసేపు దేవులాడుతవు?"

మంగవ్వ పేరు మీదికి వేలు పోగానే మంగవ్వ ఫోన్ ఆపేసింది. శాంతవ్వా అంతే. ఒక్కొక్క పేరూ మసకబారింది.

"గప్పుడు మస్తు నవ్విండ్రు గదా! గిప్పుడు ఇయ్యనీకి శరమైతున్నదా?" స్వర్ణ గొంతు చించుకుంది.

"మీ ఇంటి పంచాదిల మమ్ముల గుంజకు," అంది మంగవ్వ.

ఒక్క పేరు మాత్రం ఇంకా వెలుగుతోంది. కమలవ్వ. ఇల్లు చిన్నకొడుకుదేనని ఊరంతా చాటిన మనిషి. స్వర్ణ ఆశ లేకుండానే నొక్కింది. వీడియో మెల్లగా ఎక్కడం మొదలైంది.

"అత్తా, ఫోన్ బంద్ జెయ్యి! నీ దాంట్ల నుంచే పోతున్నది!" పద్మలత చెయ్యి చాపింది. కమలవ్వ ఆ చేతి మీద ఫెడీమని కొట్టింది.

"ముట్టుకుంటే సంపుత." తర్వాత స్వర్ణ వైపు తిరిగింది. "నువ్వు సంబరపడకు. నీ మొకం జూస్తే ఒళ్లు మండుతది. నా కొడుకును దుబాయికి తోలింది నువ్వే. రేపు పెద్దమనుషుల ముంగట నేను భీమ్‌రావు దిక్కే కూసుంట."

"మరి గిదెందుకిస్తున్నవ్?"

కమలవ్వ పగిలిన తెరను కొంగుతో తుడిచింది. "రోజు సూస్త. ఫోన్ రోజు ఆగిపోతున్నది. గీ ఫోన్ ఖరాబైతే నా కొడుకు మల్ల ఏడ దొరుకుతడే? నీ తాన గూడ ఉండనియ్యి. ఇల్లు పోతే పోనియ్యి."

మధ్యలో తెగిపోతుందేమోనని స్వర్ణ తన ఫోన్‌ను అత్త ఫోన్ పక్కకు జరిపింది. వీడియో పూర్తిగా ఎక్కేదాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా అక్కడే కూర్చున్నారు.