రిలీవర్ వచ్చాడా?

ఎవేలియో బెర్రియో పొద్దున్న కొట్టు షట్టరు ఎత్తేలోపే ఎవరో ఒకరిమీద మండిపడి ఉంటాడు. మంచమ్మీద కూర్చుని పెట్టుడుకాలు బిగించుకుంటూ రేడియో పెడతాడు. అందులో ఎవడో మంత్రి ‘మన వీర సైనికులు’ అంటాడు. అంతే, ఇక ఆ పూటకి సరిపడా దొరికినట్టే.

“వీరులట. బూట్లు చిరిగిపోయాయని రాస్తే మూడు నెలలకి పంపారు. తీరా చూస్తే రెండూ ఎడమకాలివే.”

“ముందు కాఫీ తాగు, తర్వాత తిట్టు. మంత్రి ఎక్కడికీ పారిపోడు” అంటుంది భార్య నుబియా.

మా ప్యుయెర్తో సెలమాలో రేవుకి పోయే వీధి మొదట్లో అతని గేముల కొట్టు. నాలుగు టీవీలు, నాలుగు గేమ్ మిషన్లు, ఒకే ఒక్క ఫ్యాను. ఎవరైనా గంట చొప్పున ఆడుకోవచ్చు. మంగలి వస్తాడు, పడవ టిక్కెట్లు కోసేవాడు వస్తాడు. అందరికన్నా ఎక్కువగా వచ్చేది చేపలమ్మే ఒతీలియా. డెబ్బైకి దగ్గర పడింది. పది గంటలకల్లా బుట్ట ఖాళీ చేసుకుని, మోచేతులకి పొలుసులంటుకునే ఉండగా వచ్చి మూడో టీవీ ముందు కూర్చుంటుంది. ఆమె ఆడేది యుద్ధం ఆట ఒక్కటే. మా ఊళ్ళో ఆమెకున్న గురి ఇంకెవరికీ లేదు.

ఎవేలియో ఆమె కుర్చీ వెనకాల నిలబడి తన అభిప్రాయాలు చెబుతాడు. అడిగినవాళ్ళు లేరు, ఆపగలిగినవాళ్ళూ లేరు.

“ఇదేం యుద్ధం? అదిగో, వాడికి మూడు గుళ్ళు తగిలాయి. గోడ చాటుకి పోయి ఐదు సెకన్లు కూర్చుని లేచొచ్చాడు. వీళ్ళలో ఒక్కడైనా బూటు విప్పి కాలివేళ్ళు ఆరబెట్టుకున్నాడా? రాత్రంతా వానలో నిలబడ్డాడా? యుద్ధమంటే కాల్చడం కాదు, ఎదురుచూడటం. అన్నం కోసం, ఉత్తరం కోసం, రిలీవర్ కోసం. ఈ ఆట చేసినవాణ్ణి తీసుకెళ్ళి ఒక్క పూట కాపలా నిలబెట్టాలి.”

“కాస్త పక్కకి జరుగు నాయనా, నీ బొజ్జ నీడ తెరమీద పడుతోంది” అంటుంది ఒతీలియా, కన్ను తిప్పకుండానే.

అతని కోపానికి కారణం ఉంది. పాతికేళ్ళ కిందట కొండమీద టవరు దగ్గర అతన్ని కాపలా పెట్టారు. మా సైన్యంలో కాపలా రెండు గంటలు. తర్వాతివాడు, అంటే రిలీవర్, వచ్చి ‘వచ్చాను’ అనాలి. ఆ మాట వినేదాకా ఉన్నవాడు కదలకూడదు. ఆ రోజు ఫుట్‌బాల్ మ్యాచి ఉంది. సార్జెంటు టీవీ ముందు కూర్చుని ఎవేలియో సంగతే మరిచిపోయాడు. రెండు గంటలు పంతొమ్మిది గంటలయ్యాయి. నీళ్ళయిపోయాయి. మర్నాడు తెల్లవారాక రిలీవర్ ఏమయ్యాడో చూద్దామని దిగి వస్తూ మందుపాతరమీద కాలు వేశాడు. రిలీవర్ రాకుండా చోటు వదిలాడు కనక తప్పు అతనిదేనని పై అధికారులు తేల్చారు. పైగా కాలితో పాటు పోయిన బూటు ఎలా పోయిందో వివరణ రాసివ్వమన్నారు. ఆస్పత్రి మంచం మీద పడుకుని రాసిచ్చాడు. ఆ కాగితం తలచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది, ఇక అతనికెలా ఉంటుందో చెప్పాలా.

ఇక ఆటలో చచ్చిన సైనికులు కొట్టు పక్క తలుపులోంచి బయటికి వస్తారు. వీధి అరుగు పక్కన, రేకుల చూరు కింద ఒక బల్ల ఉంది. దానిమీద కూర్చుని, ఇనపటోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, చెమట తుడుచుకుంటారు. ఒతీలియా మంచి ఊపులో ఉన్న రోజున బల్ల చాలదు, కొందరు నేలమీదే కూర్చుంటారు. నుబియా కుండలో బెల్లం నీళ్ళు కలిపి నిమ్మకాయ పిండి ఉంచుతుంది. వాళ్ళు తాగి, గ్లాసు వెనక్కి ఇస్తూ ఒకటే అడుగుతారు.

“రిలీవర్ వచ్చాడా?”

“వస్తున్నాడు బాబూ, దారిలో ఉన్నాడు” అనాలి. మా ఊళ్ళో మాటలు నేర్చిన పిల్లలకి కూడా తెలుసు. సాయంత్రం ఆరింటికి చర్చి గంట కొట్టగానే వాళ్ళు లేచి నది వైపు వెళ్ళిపోతారు. ఎవరైనా పొరపాటున ‘వచ్చాను’ అన్నారా, ఆ సైనికుడు తుపాకీ చేతిలో పెట్టి అప్పుడే వెళ్ళిపోతాడు. అన్నవాళ్ళు బల్ల పక్కన నిలబడాల్సిందే, మరొకరు వచ్చి ఆ మాట అనేదాకా గానీ ఆరు గంటల గంటదాకా గానీ అడుగు పడదు. కొత్తగా వచ్చిన ఫాదరు ఒకసారి మర్యాదకి “వచ్చాను నాయనా” అన్నాడు. ఆ సాయంత్రం ప్రార్థన ఆ బల్ల దగ్గరే చేశాడు.

నుబియా తమ్ముడు ఓర్లే. ఇరవై తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళు సైన్యంలో ఉండి బయటికొచ్చాక రేవులో మూటలు మోస్తున్నాడు. అక్కాబావలతోనే ఉంటాడు, తక్కువ మాట్లాడతాడు. ఒక ఆదివారం భోజనాల దగ్గర, చేప ముళ్ళు తీసుకుంటూ, తను మేజరు ఉర్దనేతాతో వెళ్తున్నానన్నాడు.

రిటైరైన ఈ మేజరు ఊరూరా తిరిగి పాత సైనికుల్ని పోగుచేసి సముద్రాల అవతలికి పంపిస్తాడు. చమురు బావుల దగ్గర కాపలా ఉద్యోగమని చెబుతాడు. ఆరు నెలల కిందట మా ఊరినుంచి ఇద్దరు వెళ్ళారు. వాళ్ళని దించింది చమురు బావుల దగ్గర కాదు, ఎవరిదో యుద్ధంలో. ఒకడి ఫోను మోగుతుంది, ఎవరూ ఎత్తరు. రెండోవాడిది మోగను కూడా మోగదు. వాళ్ళ తల్లులు అడిగితే మేజరు ఫోను కూడా మోగడం మానేసింది. ఇప్పుడు కొత్త నంబరుతో, ఇస్త్రీ చొక్కాతో మళ్ళీ దిగాడు.

ఎవేలియో కంచం పక్కకి నెట్టాడు. “సంతకం పెట్టావా?”

“పెట్టాను బావా.”

“అందులో ఏముందో చదివావా?”

“వేరే భాషలో ఉంది. మేజరుగారు చదివి చెప్పారు.”

“మేజరు చెప్పాడట. నాకు చెప్పింది కూడా ఒక మేజరే, కొండమీద మందుపాతరలు లేవని. సొంత దేశానికి కాలిచ్చి వచ్చినవాణ్ణి నీ ఎదురుగా కూర్చున్నానురా. ఊరూ పేరూ తెలియనివాళ్ళకి నువ్వు తలకాయ ఇస్తావా?”

“నాకు తుపాకీ పట్టుకు నిలబడటం తప్ప ఇంకేం వచ్చు బావా? తొమ్మిదేళ్ళు అదే నేర్పారు. రేవులో ఓ ముసలాడు నన్ను చూసి, ఈ గాడిద బాగా మోస్తుందన్నాడు. నీకు కోపం వస్తే అరుస్తావు. నాకు అరవడం కూడా రాదు.”

ఎవేలియో నెట్టేసిన కంచాన్ని మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. నుబియా తమ్ముడి కంచంలో ఇంకో చేప ముక్క వేసి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి మేజరు వ్యాను వచ్చి కొట్టు ముందాగింది. లోపల పక్క ఊళ్ళవాళ్ళు ఐదుగురు ఒళ్ళో సంచులు పెట్టుకుని కూర్చున్నారు. ఓర్లే సంచి భుజాన వేసుకున్నాడు, అక్క నుదుటిమీద ముద్దు పెట్టాడు, బావకి చెయ్యి చాచాడు. ఎవేలియో ఆ చెయ్యి పట్టుకోలేదు. మూడో టీవీ ముందు ఒతీలియా ఆడుతూనే ఉంది. ఓర్లే వీధిలోకి దిగే సరికి పక్క తలుపులోంచి ఒక సైనికుడు వచ్చాడు. మంచు దేశపు దుస్తులు, మెడదాకా బొత్తాలు, మీసం కూడా సరిగా రాలేదు. నుబియా ఏడుపు ఆపుకోలేక లోపలికి వెళ్ళింది, నీళ్ళివ్వడానికి అక్కడ లేదు. వాడు తిన్నగా ఓర్లే ముందుకొచ్చి అడిగాడు.

“రిలీవర్ వచ్చాడా?”

ఓర్లే ఆలోచిస్తే ఆ మాట అనేవాడు కాదు. తొమ్మిదేళ్ళు అదే ప్రశ్నకి అదే జవాబు చెప్పినవాడు.

“వచ్చాను. నువ్వెళ్ళి పడుకో.”

వాడు తుపాకీ ఇచ్చి నది వైపు వెళ్ళిపోయాడు. ఓర్లే సంచి కింద పడింది. వ్యాను వైపు అడుగు వేయబోయాడు, పడలేదు. వీధిలో ఉన్నవాళ్ళమంతా ఎక్కడివాళ్ళం అక్కడే ఆగిపోయాం.

“ఎక్కవయ్యా, విమానం ఉంది” అన్నాడు మేజరు.

“కాపలాలో ఉన్నాను సార్. రిలీవర్ రావాలి.”

“నేను ఆజ్ఞాపిస్తున్నాను. కదులు.”

“ఆజ్ఞతో కుదరదు సార్.”

మేజరు అన్ని మాటలూ వాడాడు. పదవి చెప్పాడు, చట్టం చెప్పాడు, తల్లిని తిట్టాడు. కావలసిన ఆ ఒక్క మాటా అతనికి తెలియదు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఒక్క పూట కాపలా నిలబడినవాడైతే తెలిసుండేది. వ్యాను డ్రైవరుకి మాత్రం తెలుసు, పాత సిపాయి. కిటికీలోంచి తల బయటపెట్టి, “సార్, ఏమనాలంటే...” అని మొదలుపెట్టాడు. ఎప్పుడు లేచి వచ్చిందో ఒతీలియా, వేడి అరెపా రొట్టె ఒకటి అతని నోట్లో కుక్కింది.

“తిను బాబూ, దూరం పోవాలి” అంది.

డ్రైవరు ఆమె మొహం చూశాడు, ఓర్లే మొహం చూశాడు, ఇక నమలడం తప్ప ఏమీ చేయలేదు.

ఓర్లే మాత్రం మా అందరి మొహాలూ వెతుకుతున్నాడు. “బావా, వచ్చి ఆ మాట అను. నాకు సిగ్గుగా ఉంది. బావా.”

ఎవేలియో లోపలికి వెళ్ళి ఖాళీగా ఉన్న ఒతీలియా కుర్చీలో కూర్చున్నాడు. తెరమీద ఆట ఆగి ఉంది.

ఒంటిగంట దాకా చూసి మేజరు వ్యానెక్కాడు. “రెండున్నర బస్సు పట్టుకో. రాత్రి విమానంలో నీ సీటు ఉంటుంది. అది తప్పితే నిన్ను పారిపోయినవాడి కింద రాస్తాను” అని దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాడు.

మేం ఊపిరి పీల్చుకున్నాం. ఇంకో గంటన్నర ఎవరూ నోరు మెదపకపోతే చాలు. ఎండకి జనం ఇళ్ళల్లోకి వెళ్ళారు. చూరు నీడ బల్లని దాటి గోడకి చేరింది, ఓర్లే నెత్తిమీద ఎండ నిలబడింది. నుబియా గ్లాసుతో వెళితే, “నీళ్ళొద్దక్కా, మాట చెప్పు” అన్నాడు. ఆమె గ్లాసు బల్లమీద పెట్టి మొహం కప్పుకుని వచ్చేసింది.

ఎవేలియో కిటికీలోంచి చూస్తున్నాడు. రెండు గంటల కాపలా పూట రెండింటికే అయిపోయింది. రెండూ ఇరవై కావస్తోంది. ఓర్లే ఇప్పుడు ఎవర్నీ పిలవడం లేదు. నిటారుగా నిలబడి వీధి చివరివైపే చూస్తున్నాడు. ఆ చూపు ఎవేలియోకి తెలుసు. రానివాడి కోసం చూసే చూపు అది.

“దీని సిగతరగ” అని ఎవరినో తిట్టి అతను లేచాడు.

“పది నిమిషాలే ఉందయ్యా. కూర్చో. నీ కాళ్ళు పట్టుకుంటాను” అంది నుబియా.

“వాడి పూట అయిపోయింది. అయిపోయాక ఒక్క నిమిషం నిలబెట్టినా నేను ఆ సార్జెంటు నాకొడుకునే అవుతాను.”

“వాడు చచ్చిపోతాడు.”

“చావొద్దని చెప్పాను. గొంతు పోయేలా చెప్పాను. కట్టిపడెయ్యడం మాత్రం నావల్ల కాదు.”

కుంటుకుంటూ ఎండలోకి వెళ్ళి ఓర్లే ఎదురుగా నిలబడ్డాడు. “వచ్చాను” అన్నాడు.

ఓర్లే తుపాకీ ఇచ్చాడు. థాంక్సు చెప్పలేదు, తిట్టలేదు. సంచి ఎత్తుకుని మెయిన్ రోడ్డు వైపు పరుగెత్తాడు. రెండు వందల అడుగులు ఉంటుందేమో. బస్సు అప్పటికే పాలకేంద్రం మలుపులో హారన్ కొడుతోంది. నుబియా గుమ్మంలో కూలబడింది.

బస్సు ఆగింది. ఓర్లే ఒక కాలు మెట్టుమీద వేసి, సంచి లోపలికి అందిస్తూ వెనక్కి తిరిగి చూశాడు. వీధంతా తలుపులు మూసి ఉంది. ఆ ఎండలో బావ ఒక్కడే నిలబడి ఉన్నాడు, బరువంతా మంచి కాలిమీద వేసి. ఆ పెట్టుడుకాలితో రెండు గంటలకన్నా ఎక్కువ నిలబడితే మొండికాలు ఒరుసుకుపోయి నెత్తురొస్తుందని ఓర్లేకి తెలుసు. ఎన్నోసార్లు ఆ కట్టు తనే మార్చాడు.

“ఎక్కుతావా లేదా?” అన్నాడు కండక్టరు.

ఓర్లే సంచి వెనక్కి లాక్కున్నాడు.

వచ్చేటప్పుడు పరుగెత్తలేదు. మెల్లగా నడిచొచ్చి, బల్లమీద కూర్చుని, అక్క పెట్టిన బెల్లం నీళ్ళు తాగాడు. ఎవేలియో అతనివైపు చూడలేదు. కాపలాలో ఉన్నవాడు పక్కకి చూడకూడదు.

“ఎన్నింటికి నిలబడ్డావు బావా?”

“రెండూ ఇరవైకి.”

ఓర్లే చేతి గడియారం చూసుకున్నాడు. సంచి బల్ల కిందికి తోసి, బూట్ల లేసులు వదులు చేసుకుని, బావ రెండు గంటల పూట అయిపోయే నాలుగూ ఇరవై కోసం కూర్చున్నాడు.