తెల్ల డబ్బా కింద పేరు

నేను ఒక తాళం చెవిని. చూస్తే మీరు నమ్మరు. బొటనవేలంత బూడిదరంగు ప్లాస్టిక్ బిళ్లని. ఒక పక్క ఇనుప పళ్లు, ఇంకో పక్క చిల్లులు. కంప్యూటర్ వీపు మీద, ప్రింటర్ వైరు దూర్చే చోట నన్ను బిగిస్తారు. నేనుంటేనే లోపలి సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. నన్ను పీకేస్తే మొరాయిస్తుంది. ప్రెస్సులో అందరూ నన్ను లాక్ అనేవాళ్లు.

హైదరాబాదులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. తెలుగులో పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి అక్కడ తయారయ్యేది. డబ్బు కట్టకుండా ఎవరూ వాడుకోకూడదని ఒక్కో పెట్టెలో నాలాంటి బిళ్ల ఒకటి పెట్టి అమ్మేవారు. అంటే నా పుట్టుకే మనుషుల మీద అనుమానం. ఆ అనుమానం తప్పని ఇన్నేళ్లలో ఒక్కరూ రుజువు చేయలేదు.

మొదట ఒంగోలులో ఒక వారపత్రిక ఆఫీసుకు వెళ్లాను. ఏడాది తిరక్కముందే పత్రిక మూతబడింది. కంప్యూటర్‌తో పాటు నన్ను కూడా వేటపాలెం చెంచురామయ్య కొనుక్కున్నాడు. ఆయనది లేబుళ్ల ప్రెస్సు. అగరొత్తులు, అప్పడాలు, ఫినాయిలు, దేనికి కావాలన్నా అక్కడే. ఆయన ముక్కుపొడుం పీల్చి, ఆ చేత్తోనే నన్ను బిగించాడు. వేలు నాలుకకు తడుపుకుని కాగితాలు లెక్కపెడతాడు. ఆ తడి వేలుతోనే జనం ఇంటికి తీసుకుపోయే లేబుళ్లు తీసి ఇస్తాడు. నా పళ్ల సందుల్లో బొద్దింకలు గుడ్లు పెట్టాయి. ఎవరూ తుడవలేదు. ఇరవై మూడేళ్లు గోడ వైపు మొహం పెట్టుకుని బతికాను. కనిపించేది గోడే, కానీ మాటలన్నీ వినిపించేవి.

మొదట్లోనే సుబ్బరావమ్మ వచ్చింది. ఇత్తడి గిన్నె తెచ్చి బల్ల మీద ఖంగుమని పెట్టింది.

"అన్నా, నేను సున్నిపిండి అమ్ముతున్నా. లేబులు మీద ఈ గిన్నె బొమ్మెయ్యి. మా అమ్మ దీంట్లోనే పిండి కలిపేది. నాకు చదువు రాదు గానీ నా పేరు నేను గుర్తుపడతా. పెద్దగా కొట్టించు."

టైపు చేసేది సుభాషిణి. సుబ్బరావమ్మ సున్నిపిండి అని పెద్దగా కొట్టింది. దాని పైన గిన్నె బొమ్మ, కింద వీధి చివర టెలిఫోన్ బూత్ నంబరు. అప్పట్లో ఊళ్లో ఫోన్లకు అయిదంకెలే.

కొన్నేళ్లకు సుబ్బరావమ్మ కుడి చెయ్యి విరిగింది. రెండేళ్లు రోలు దగ్గరికి వెళ్లలేదు. ఒకరోజు ఆమె తోడికోడలు మాణిక్యం వచ్చింది.

"అక్క చెయ్యి పనికిరాకుండా పోయింది గదన్నా. ఇప్పుడు కొట్టేది నేను, అమ్మేది నేను. పేరు మార్చెయ్."

"అక్క ఒప్పుకుందా?"

"ఒప్పుకోక ఏం చేస్తది?"

ఆ ఒక్క ప్రశ్నతో చెంచురామయ్య బాధ్యత తీరిపోయింది. ఇక ఆ ప్రెస్సు పద్ధతి చెబుతాను వినండి. పాత అక్షరాలు చెరిపితే బొమ్మ జరుగుతుంది, గీతలు కదులుతాయి, మళ్లీ సర్దుకోవాలి. అంత ఓపిక ఎవరికుంది? పాత పేరు మీద ఒక తెల్ల డబ్బా గీసి, దాని మీద కొత్త పేరు కొడతారు. కాగితం తెలుపు, డబ్బా తెలుపు. ప్రింటులో ఏమీ కనిపించదు. అలా ఆ ప్రెస్సులో లేబుల్ కింద లేబుల్, మనిషి కింద మనిషి. పైకి మాణిక్యం సున్నిపిండి, అడుగున ఊపిరాడకుండా సుబ్బరావమ్మ, ఆమె బూత్ నంబరు. ఆ ఫైలు తెరిచిన ప్రతిసారీ నా ఒంట్లోంచి ఇద్దరూ పోయేవాళ్లు. నాకు రోత పుట్టేది. నాకు నోరెక్కడిది?

సుబ్బరావమ్మ చెయ్యి బాగైంది. మళ్లీ పిండి కొడతానంది. తన లేబులు తనకిమ్మని ఎన్నాళ్లు అడిగినా మాణిక్యం వింటేగా. నీ పేరు పెట్టుకో, గిన్నె బొమ్మ మాత్రం నాది అంది. కొనేవాళ్లు చూసేది గిన్నెనే. గిన్నె లేకపోతే సుబ్బరావమ్మ సరుకు ఎవరు ముట్టుకుంటారు? చివరికి తగువు ఊరి పెద్ద అంకినీడు దగ్గరికి పోయింది. ఆదివారం తీర్పు చెబుతానన్నాడు. శుక్రవారం సుబ్బరావమ్మ ప్రెస్సుకొచ్చింది.

"అన్నా, పాత లేబులు ఒక్కటి ఇప్పించు. ముందు మొదలెట్టింది నేనేనని అంకినీడు మామకి చూపించాల."

"అయ్యెక్కడున్నయ్యమ్మా? ఎప్పుడో చెదలు తినె."

"కంప్యూటర్లో ఉంటయ్యంట గదా?"

"పాతయ్యన్నీ పోయినయ్. ఒట్టు."

ఒట్టు కూడా వేశాడు. ఆ క్షణాన తెర మీద తెరిచి ఉన్నది ఆ ఫైలే. మాణిక్యానికి పదివేల లేబుళ్లు కావాలి మరి.  సుబ్బరావమ్మ చెప్పుల చప్పుడు గుమ్మం దాటి పోయింది.

ఆ సాయంత్రమే కంప్యూటర్‌లోంచి కాలిన వాసన వచ్చింది. మర్నాడు చీరాల నుంచి ఒకతను కొత్త కంప్యూటర్, కొత్త సాఫ్ట్‌వేర్ పట్టుకొచ్చాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఇంకా దీంతోనే నెట్టుకొస్తన్నారా? ఈ కంపెనీ మూసేసి తొమ్మిదేళ్లయింది. కొత్తదాంట్లో దీన్ని దూర్చే బొక్క కూడా లేదు."

పాత పెట్టెను ఎలాగో ఒక్కసారి లేపి, నా చేత చివరిసారిగా ఫైళ్లన్నీ తెరిపించి కొత్తదాంట్లోకి పంపారు. పని అయ్యాక నన్ను పీకి బల్ల మీద, జిగురు గిన్నె పక్కన పడేశారు. ఇన్నేళ్లలో మొదటిసారి మనుషుల మొహాలు చూశాను. గోడే నయం.

కొత్త సాఫ్ట్‌వేర్ అక్షరాలు తీసుకుంది, బొమ్మలు తీసుకుంది. తెల్ల డబ్బాలను మాత్రం వదిలేసింది. చెంచురామయ్యకు తొందర. చూసుకోకుండా నలభై కాగితాలు కొట్టించాడు. సుభాషిణి ఒకటి చేతిలోకి తీసుకుంది.

"అన్నయ్యా, ఇదేందండీ, రెండు పేర్లూ పడినయ్!"

మాణిక్యం చిన్న పేరు. దాని రెండు పక్కలా సుబ్బరావమ్మ బయటికొచ్చి ఉంది. కింద అయిదంకెల నంబరు కూడా. చెంచురామయ్య మొహం మాడింది.

"కింది పేరు తీసెయ్. ఈసారి డబ్బా గిబ్బా వద్దు. పూర్తిగా చెరిపెయ్."

"పాపం, ఆవిడ నిన్ననే అడిగిందిగా అన్నయ్యా."

"నీకు జీతమిచ్చేది ఆవిడా?"

సుభాషిణి చెరిపేసింది. ఇన్నేళ్లు నేను కాపలా కాసిన పేరు ఒక్క వేలి నొక్కుడుతో పోయింది. తర్వాత పదివేలూ శుభ్రంగా వచ్చాయి. చెడిన నలభై కాగితాలు చింపి పారేయాలి కదా? చెంచురామయ్యకు కాగితం పారేయాలంటే ప్రాణం పోతుంది. పాడైన కాగితాలతోనే కట్టలు చుడతాడు. సిరా లోపలి లేబుళ్లకు అంటకుండా అచ్చు వైపు బయటికి పెట్టి మరీ చుడతాడు. ఆరోజూ అలాగే చుట్టి, పురికొసతో కట్టాడు. అలవాటైన చెయ్యి, మెదడును అడగలేదు.

ఆదివారం పొద్దున్నే అంకినీడు ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చాడు.

"చెంచురామయ్యా, ముందు లేబులు ఎవురేయించుకున్నారో నీకే తెలియాల. చెప్పు."

"మాణిక్యమే మామా. నా కళ్లతో చూశా."

"విన్నావా అక్కా?" అంది మాణిక్యం. మూల పేర్చి ఉన్న తన లేబుళ్ల కట్టల్లో ఒకటి తీసి బల్ల మీద దబ్బున పెట్టింది. "గిన్నె నాది. నువ్వు చెంబు బొమ్మేసుకో."

 సుబ్బరావమ్మ కట్ట వైపే చూస్తోంది. దగ్గరికొచ్చి, చుట్టిన కాగితం మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది.

"మామా, ఇది నా పేరేనా? నాకు ఇదొక్కటే వచ్చు. చదివి చెప్పు."

అంకినీడు కళ్లజోడు పెట్టుకున్నాడు. చదివాడు. కింది నంబరు కూడా చదివాడు.

"ఇది బూత్ నంబరు గదయ్యా! ఆ బూత్ మూసేసి పదిహేనేళ్లపైనే. అప్పుడు ఈ మాణిక్యానికి పెళ్లయినా అయిందా?"

చెంచురామయ్య నన్ను చూపించాడు. అవును, నన్నే. "పాత సాఫ్ట్‌వేర్ మామా. ఆ లాక్ చెడిపోయి ఏవేవో కలిపేసింది."

ఇరవై మూడేళ్లు ఆయన ముక్కుపొడుం భరించాను. దానికి దక్కిన మర్యాద ఇది.

"ఒరే, ఆ బిళ్లకు సుబ్బరావమ్మ పేరు ఎట్టా తెలుసురా?" అన్నాడు అంకినీడు. "గిన్నె సుబ్బరావమ్మది. మాణిక్యం, నువ్వు ఇంకో బొమ్మ చూసుకో."

మాణిక్యం పదివేల లేబుళ్లనూ అక్కడే వదిలేసి పోయింది. పోతూ పోతూ అంది: "రేపట్నుంచి నీ వంట నువ్వే వండుకో అక్కా."

అంటే ఇంత జరిగినా ఇద్దరిదీ ఒకే పొయ్యి! ఛీ, మనుషులు.

ఆమె గడప దాటిందో లేదో చెంచురామయ్య కుర్చీ దులిపాడు. "కూర్చో చెల్లెమ్మా. నీకెన్ని వేలు కొట్టమంటావ్? ఆ ఫైల్లోనే పేరు మార్చిచ్చేస్తా, ఎంతసేపు!"

సుబ్బరావమ్మ ఆయన వైపు చూడనైనా లేదు. పోయి సుభాషిణి కుర్చీ పక్కన నిలబడింది.

"అమ్మాయ్, ఆ ఫైలు ముట్టుకోబాక. ఖాళీ కాగితం తెరువు. మొదట్నుంచి కొట్టు. నేనిక్కడే నిలబడతా."

చెంచురామయ్య బల్ల సర్దుతూ నన్ను చెత్తబుట్టలోకి తోశాడు. ఆయన ముక్కు తుడుచుకున్న గుడ్డ మీద పడ్డాను. ఇంతకంటే మంచి చోటు ఆయన నాకు ఇస్తాడని నేనూ అనుకోలేదు. బుట్ట అల్లిక సందుల్లోంచి ప్రింటర్ కనిపిస్తోంది. ఒక్కో కాగితం బయటికి వస్తోంది. సుబ్బరావమ్మ ఒక్కోదాన్నీ తీసుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తోంది. తిప్పి, వెనక వైపు నుంచి కూడా చూస్తోంది.