మూడో పేపరు

దుప్పటి అంచు ఇస్త్రీ యంత్రపు వేడి రోలర్ల మధ్య నుంచి బయటికి రాగానే వెర్నా రెండు మూలలూ పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించింది. అవతలి మూలలు తోటి పనిచేసే నెనిత అందుకుంది. ఒక మడత, ఇంకో మడత, ఆపైన బండిలోకి. ఇరవై తొమ్మిదేళ్లుగా కెనడాలోని ఆ విన్నిపెగ్ ఆసుపత్రి దుప్పట్లన్నీ వెర్నా చేతుల మీదుగానే మంచాలెక్కాయి. ఆ వేడికి వేళ్ల చివర్లు అరిగి నున్నబడిపోయాయి. ఫోను కూడా ఆమె బొటనవేలిని ఒక్కోసారి గుర్తుపట్టదు.

శుక్రవారంతో లాండ్రీ మూత. బట్టలు ఇక ఊరి బయట ఏదో ఫ్యాక్టరీకి వెళ్తాయట. మెడికల్ రికార్డుల గదిలో మాత్రం ఒక కుర్చీ ఖాళీగా ఉంది. రేపు పొద్దున్నకల్లా సర్టిఫికెట్ తెస్తే అది నీకేనని సూపర్‌వైజర్ డోరీన్ మాటిచ్చింది. తేలేకపోతే యాభై ఏడేళ్ల మనిషికి ఇంకెవడిస్తాడు ఉద్యోగం? అందుకే కంప్యూటరంటే జంకే వెర్నా రికార్డుల పని నేర్పే పది వారాల ఆన్‌లైన్ కోర్సులో చేరింది.

చేరిననాడు ముప్ఫై ఎనిమిది వేలమంది తోటి విద్యార్థులు. పేరుకే. మొదటివారం చర్చావేదిక తిరనాళ్లలా ఉంది. తమ ఊరి పేరూ, తమ పిల్లి పేరూ చెప్పుకుని, అందరం కలిసి నేర్చుకుందామని ఒట్లు పెట్టుకున్నవాళ్లంతా మూడోవారానికి చల్లగా జారుకున్నారు. వారానికి ఇద్దరికైనా జవాబు రాయాలన్నది నియమం గనక, మిగిలినవాళ్లు ‘బాగా చెప్పారు, ఏకీభవిస్తున్నాను’ అని అతికించి పోయేవారు. రెండో పాఠం ఎక్కడుందండీ అని ఒకామె అడిగితే, దానికీ ఏకీభవించారు మహానుభావులు.

అంతమందిలోనూ వెర్నా రాసింది నిజంగా చదివినవాడు ఒక్క ఆర్డెన్. దేశానికి తూర్పు తీరాన, నోవా స్కోషియాలో ముప్ఫై ఏళ్లు చేపల పడవ మీద వంట చేసి, మోకాళ్లు పోగొట్టుకున్న మనిషి. వాళ్ల ఊరి క్లినిక్‌లో కూర్చుని చేసే పని కోసం చదువుతున్నాడు. ఐదోవారం ఆమె ‘నావల్ల కాదు, మానేస్తున్నా’ అని రాస్తే, ‘మీరు మానేస్తే నా తప్పులెవరు పడతారు మేడమ్ గారూ? రేపు ఆ పాఠంతో ఇద్దరం కుస్తీ పడదాం’ అని రాశాడు. పట్టారు కూడా. భర్త పోయాక తనను ‘తిన్నావా’ అని అడిగినవాడు ఇతనొక్కడే. ఆ మనిషి మొహం కూడా ఆమె ఎరగదు.

చివరి పరీక్షకు దిద్దే పంతులు లేడు. ఒక రోగిని ఊహించుకుని అతని ఫైలు తయారుచేయాలి. దాన్ని ముగ్గురు తోటివాళ్లు దిద్దాలి. ఎవరిదో దిద్దేవారికి తెలియదు, ఎవరు దిద్దారో రాసినవారికి తెలియదు. నువ్వు ముగ్గురివి దిద్దేదాకా నీ మార్కులు బయటికి రావు. వెర్నాది ఇద్దరు దిద్దారు. మూడోవారు రావాలి. తను రెండు పేపర్లు రెండు సాయంత్రాలు కూర్చుని వరసవరసా చదివి దిద్దింది. ఇంకొకటి మిగిలింది. గడువు ఇవాళ సాయంత్రం ఐదు.

పొద్దుటి కాఫీ విరామంలో మూడోదాని పేజీల లెక్క చూసింది. పద్నాలుగు. తెరవబోతుంటే డోరీన్ కేక వేసింది.

“వెర్నా! ఆపరేషన్ గదికి దుప్పట్లు చాల్లేదట, రా తల్లీ, తొందరగా!”

“ఏదో ఒకటి నొక్కి పారెయ్ అక్కా,” అంది నెనిత కప్పు కడుగుతూ. “అందరూ చేసేదదేగా? నీది మాత్రం ఎవడైనా చదివాడనుకుంటున్నావా?”

“పాపం, ఎవరు కష్టపడి రాసుకున్నారో...”

“ఎవరైతే నీకేంటి? చుట్టాలా? ఐదు దాటితే నీ గతేంటో చూసుకో ముందు!”

వ్యాఖ్య రాయనిదే ఆ పేజీ ముందుకు పోనివ్వదు. ‘బాగుంది’ అని కొట్టింది. పేపరు పేరైనా చూడకుండా, మార్కుల పట్టిక ముట్టకుండా పంపే మీట నొక్కేసి పరుగెత్తింది. సిగ్గేసింది. తర్వాత పనిలో పడి సిగ్గూ మరిచింది.

మధ్యాహ్నం ఉడికిన బంగాళాదుంప చేతిలోనే చల్లారిపోయింది. చర్చావేదికలో ‘దయచేసి నాది దిద్దండి, మీది నేను దిద్దుతాను’ అని తన పేపరు లింకు పెట్టింది. దానికి పైనా కిందా అలాంటివే రెండొందలు. బిచ్చగాళ్లు ఒకరినొకరు అడుక్కుంటున్నట్టుంది. ఆర్డెన్‌కూ రాసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. రెండింటికి చూసింది. మూడింటికి చూసింది. ఒళ్లంతా చెమట, రోలర్ల వేడి వల్ల కాదు. భగవంతుడా, ఒక్కరంటే ఒక్కరు!

నాలుగుంపావుకి బస్సులో ఉండగా ఫోను మోగింది. మూడో దిద్దుబాటు వచ్చింది. ఉత్తీర్ణురాలు. సర్టిఫికెట్ మీద ఆమె పూర్తి పేరు. వెర్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. పక్క సీటాయన కంగారుగా, “ఏమ్మా, బాగానే ఉన్నారా?” అన్నాడు.

“చాలా బాగున్నానండీ,” అంది.

ఆ కిందే ఆర్డెన్ ఉత్తరం.

‘వెర్నా, నీది ఇప్పుడే దిద్దాను. మొత్తం చదివాను, మందుల పట్టిక నాకంటే బాగా చేశావు. పూర్తి మార్కులు. నాదే పోయింది. ఇద్దరు బాగానే వేశారు. మూడోవారు “బాగుంది” అని రాసి, అన్నిట్లో సున్నా వేశారు. వేయలేదులే, ఏదీ ఎంచుకోకపోతే ఈ మాయదారి పట్టికలో సున్నాయే పడుతుంది. పాపం ఏ తొందరలో ఉన్నారో. క్లినిక్ వాళ్లు ఇవాళ్టి దాకానే ఆగుతామన్నారు. మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు వెర్నా. పేరు తీయించుకుంటున్నాను. నువ్వు మాత్రం ఆ కుర్చీలో దర్జాగా కూర్చో. తిన్నావా?’

తను దిద్దిన వాటి జాబితా తెరిచింది. మూడోది: ‘చేపల పడవ వంటవాడు, మోకాలి ఆపరేషన్’. దాని కింద వరుసగా సున్నాలు. వాటి కింద తన ‘బాగుంది’.

మార్చడానికి మీట లేదు. కోర్సు వాళ్లకు రాస్తే రెండు పనిదినాల్లో చూస్తామని యంత్రం బదులిచ్చింది. ‘ఆర్డెన్, అది నేనే. చదవలేదు. నీదని తెలియదు’ అని కొట్టి పంపింది. తిరిగొచ్చింది. ‘ఈ విద్యార్థి కోర్సు విడిచి వెళ్లారు’ అని. పైకి జరిపి చూసింది. పది వారాల అతని మాటలన్నీ అలాగే ఉన్నాయి. ఆర్డెన్ అన్న పేరున్న ప్రతిచోటా ‘మాజీ విద్యార్థి’ అని ఉంది. ఫోన్ నంబరు ఏనాడూ అడగలేదు. వాళ్ల ఊరి పేరూ అతను ఎక్కడా రాయలేదు. నీదని తెలియదట! ఇంకెవరిదైతే పరవాలేదా? తన మీద తనకే అసహ్యం వేసింది.

దిగాల్సిన చోటు దాటిపోయింది. దాటిపోనీ. వెర్నా ఆ పేపరు తెరిచి మొదటి పేజీ నుంచి చదవసాగింది. ఎక్కడా ఒక్క తేదీ తప్పు లేదు. మందులు, పూటలు, నర్సుల సంతకాలు, పొద్దునా సాయంత్రమూ చూసిన జ్వరం, అన్నీ గీత గీసినట్టున్నాయి. పద్నాలుగో పేజీ వచ్చేసరికి బస్సు చివరి స్టాపులో ఆగింది. ఆ పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, రోగితో సంబంధం లేని ఒక వాక్యం ఉంది: ‘దిద్దేవారికి, ఇంతదాకా ఓపిగ్గా చదివినందుకు కృతజ్ఞతలు.’