కూజా కొమ్ము

విరిగిన పింగాణీ అతకడంలో అక్కకు రెండు పట్టింపులు. అతుకు దూరానికి కనబడకపోయినా, జానెడు దూరం నుంచి చూస్తే కనబడాలి. అందుకే అతికినచోట రంగు ఒక్క ఛాయ తక్కువ వేస్తుంది. రెండోది, అతికిందేదైనా అవసరమైతే ఊడదీయడానికి వీలుండాలి. పాత సామాన్ల కొట్టు నడిపే తమ్ముడికి మొదటిది మాత్రమే తెలుసు. రెండోది వినే ఓపిక అతనికి ఏనాడూ లేదు.

ఆ తమ్ముడే పోయిన చలికాలం అమ్మ దాచుకున్న చైనా కూజా పట్టుకొచ్చాడు. వందల ఏళ్ళనాటి లేత నీలం పింగాణీ. వెలుగుకు ఎత్తిపట్టుకుంటే అవతలి వేళ్ళు నీడగా కనిపిస్తాయి. నీళ్ళు వంపే కొమ్ము మొదలంటా విరిగిపోయింది.

“తుడుస్తుంటే అమ్మ చేతిలోంచి జారిందక్కా. తిండి కూడా సరిగా తినట్లేదు. ఈ ఒక్కసారికి రంగు పూర్తిగా కలిపెయ్యి. అమ్మ ముందు మాత్రం ఈ మాటెత్తకు, ఇంకా కుమిలిపోతుంది.”

అమ్మ పేరు వినగానే అక్క కరిగిపోయింది. రెండు నెలలు కూర్చుని, తన కంటికే అంతుచిక్కనంతగా రంగు కలిపింది. పనిలో దిగాక నియమం తప్పడం అదే మొదలు.

ఈ రోజు మ్యూజియం వాళ్ళు రమ్మంటే వెళ్ళింది. బల్లమీద అదే కూజా. పక్కనే ఇస్త్రీ చొక్కాలో తమ్ముడు.

“ఎక్కడా విరగలేదని మీరే చూసి చెప్పారట కదండీ,” అంది అధికారిణి. “మీ మాటుంటే కొనేముందు మాకింకో పరీక్ష అక్కర్లేదు. ఒక్క సంతకం పెట్టండి చాలు.” కాగితం తేవడానికి లోపలికి వెళ్ళింది.

“అమ్మ కూజా ఇక్కడికెందుకొచ్చిందిరా?”

“మెల్లగా అక్కా. అమ్మ దీన్ని ముట్టుకోనేలేదు. నా చేతిలోనే జారింది. అమ్మ పేరు చెబితే తప్ప నువ్వు రంగు కలపవు కదా!” అని నవ్వాడు.

ఆ నవ్వు చూసి అక్క ఒళ్ళు మండిపోయింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగకు నడక నేర్పింది తనే. అమ్మను అడ్డం పెట్టి నమ్మించి గొంతు కోశాడు.

అధికారిణి రాగానే, సంతకానికి ముందు ఒకటి చూపించాలంటూ అక్క గోరువెచ్చని నీళ్ళూ, మెత్తటి గుడ్డా అడిగింది. తడిగుడ్డ కొమ్ము మొదట్లో చుట్టి కూర్చుంది. చల్లారినప్పుడల్లా మళ్ళీ ముంచి చుట్టింది.

“అక్కా, ఏం చేస్తున్నావ్?” తమ్ముడు బల్లమీదికి వంగాడు.

అరగంటకు జిగురు మెత్తబడింది. కొమ్ము చెక్కుచెదరకుండా ఆమె చేతిలోకి వచ్చింది.

“ఇది నా అతుకేనమ్మా. కనబడకుండా రంగు కలిపిన తప్పు కూడా నాదే,” అని అధికారిణికి చెప్పి, కొమ్మును తమ్ముడి అరచేతిలో పెట్టింది.

“పద. ఇది ఎవరి చేతిలో జారిందో అమ్మకు నువ్వే చెప్పు.”